మూడు పొట్టి కూతలు

నా చెవి మిషను మీద నాకొక ఫిర్యాదు ఉంది. తల దిండుకు ఆనించినా, మనవడు మెడ చుట్టూ చేతులు వేసినా, అది దానంతట అదే కూత పెడుతుంది. నరసరావుపేటలో దాన్ని అమ్మినాయన "అలవాటైపోతుంది సార్" అన్నాడు. అలవాటు పడటానికి నాకు అభ్యంతరం లేదు. ముప్పై నాలుగేళ్లు కూతల మధ్యే జీతం తీసుకున్నాను. కానీ ఇది ఎందుకు కూస్తుందో ఏ పుస్తకంలోనూ రాసి లేదు. రైల్లో అలా ఉండేది కాదు. అక్కడ ప్రతి కూతకూ ఒక అర్థం, ప్రతి అర్థానికీ ఒక బాధ్యుడు ఉండేవాడు.

ఎనభై ఆరో సంవత్సరం వేసవిలో నేను పిడుగురాళ్లకూ మాచర్లకూ నడుమ ఒక చిన్న స్టేషనులో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరుగా ఉన్నాను. స్టేషను పేరు రాయను. ఇప్పుడక్కడ పనిచేసేవాళ్లకు వాళ్ల కష్టాలు వాళ్లకున్నాయి. అప్పటికి అది మీటరు గేజి, జనం మాటలో చిన్న లైను. బొగ్గు ఇంజన్లు నడిచేవి. ఊరికీ ఊరికీ మధ్య ఒంటి దారి. ఎదురెదురుగా వచ్చే బండ్లు మా స్టేషనులో ఒకదాన్నొకటి తప్పుకోవాలి. దాన్ని క్రాసింగ్ అంటాం. ఒక బండి ప్లాట్‌ఫారం పక్కనున్న మెయిన్ లైనులో, రెండోది దాని పక్కన లూప్ లైనులో నిలబడతాయి. బి.ఏ.లో నేను తర్కశాస్త్రం చదివాను. ఒక దారిలో ఒకసారికి ఒక బండే ఉండాలన్నది ఈ ఉద్యోగానికి మూలసూత్రం. నేను చదివిన తత్వవేత్తలెవరూ ఇంత ఉపయోగపడే ముక్క చెప్పలేదు.

కూతల సంగతి కొంచెం చెప్పాలి. గూడ్సు బండికి ముందు చివర డ్రైవరు, వెనక చివర బ్రేక్ వ్యానులో గార్డు ఉంటారు. మధ్యలో ముప్పై, నలభై వ్యాగన్లు. ఆ రోజుల్లో వాళ్లిద్దరి మధ్య ఫోను లేదు, వైర్‌లెస్ లేదు. డ్రైవరు చెప్పదలుచుకున్నది కూతతో చెప్పాలి. గార్డు జెండాతోనో బ్రేకుతోనో జవాబివ్వాలి. పొడుగు కూతలూ పొట్టి కూతలూ ఏ వరసలో వస్తే ఏ అర్థమో నియమాల పుస్తకంలో పట్టిక ఉండేది. గార్డు ఆ పట్టికను ప్రశ్నించడానికి వీల్లేదు. వినగానే చేయాలి, కారణం తర్వాత కనుక్కోవాలి.

ఆ వేసవిలో హైదరాబాదు నుంచి టీవీ వాళ్లు వచ్చారు. పిల్లల కోసం మాట్లాడే రైళ్ల కథలు తీస్తున్నారు. మా కంట్రోలు ఆఫీసు నుంచి నాకు ఫోనులో వచ్చిన ఆదేశం ఒకే మాట: సహకరించు. కాగితం తర్వాత వస్తుందన్నారు. ఇప్పటికీ రాలేదు.

నిర్మాత మర్యాదస్తుడు. ఖద్దరు లాల్చీ, భుజాన సంచి. కథ నాకు విడమరచి చెప్పాడు. మాచర్లకు వెళ్లే ప్యాసింజరు ఇంజను అక్క. శుభ్రమైన మనిషి, కొంచెం గీర. మాచర్ల వైపు నుంచి సున్నపురాయి మోసుకొచ్చే గూడ్సు ఇంజను తమ్ముడు, ఒళ్లంతా దుమ్ము. మా స్టేషనులో ఇద్దరూ పక్కపక్కన ఆగుతారు. అక్క పొడుగ్గా ఒక కూత కూసి, ఈ దుమ్మేమిట్రా అని వెక్కిరిస్తుంది. తమ్ముడు నవ్వి, నేను మోసే రాయే రేపు నీ స్టేషను గోడకు సున్నమవుతుందక్కా అంటూ కదిలిపోతాడు. ఏ పనైనా గౌరవమైనదే అన్నది ఇందులో నీతి. మాటలు తర్వాత హైదరాబాదులో కలుపుకుంటారట. నవ్వు మాత్రం నిజం ఇంజనుదే కావాలట.

ఇంజను నవ్వాలంటే పొట్టి కూతలే మార్గం. ఎన్ని అన్నదే సమస్య. గూడ్సు వచ్చి లూప్ లైనులో నిలబడ్డాక దాని డ్రైవరు కోటయ్యను ప్లాట్‌ఫారం బెంచీ దగ్గరకు పిలిపించాం. కోటయ్య యాభై ఎనిమిదో ఏట ఉన్న మనిషి, మరో రెండు నెలల్లో రిటైరవుతాడు. నిర్మాత రెండు నవ్వులు అడిగాడు.

"రెండు కొడితే గార్డు జెండా చూపించలేదని ఫిర్యాదు సార్," అన్నాడు కోటయ్య.

"అయితే మూడు?"

"మూడు కొడితే బండి నా చేతిలో లేదు, నువ్వు బ్రేకెయ్యి అని గార్డుకి చెప్పటం."

"నాలుగు?"

"నాలుగు కొడితే ఈ బండి ఇంక కదలదు, ఎనకమాల పట్టాల మీద టపాకాయలు పెట్టు, వేరే బండొచ్చి గుద్దుద్ది అని."

ఐదు పుస్తకంలో లేదు. నిర్మాత సందేహంగా ఐదుసార్లు నవ్వి చూసుకున్నాడు. నాటకంలో రాక్షసుడు నవ్వినట్టుంది, పిల్లలు జడుసుకుంటారని తనే వద్దనుకున్నాడు. రైల్వేలో అర్థం లేని నవ్వు లేదని ఆ రోజే నాకు తెలిసింది. చివరికి మూడు దగ్గర ఆగాం.

కోటయ్య ఒక షరతు పెట్టాడు. "గార్డు గారికి కాయితం రాసియ్యండి మాస్టరు గారూ. నోటి మాట వద్దు. ఆయన సంగతి మీకు తెలుసుగా, పుస్తకంలో ఉంటే దేవుడి రథానికైనా బ్రేకేస్తాడు."

అది సరైన షరతు. మామూలుకు భిన్నంగా ఏది చేసినా స్టేషన్ మాస్టరు కార్బన్ కాగితం పెట్టి మెమో రాయాలి. ఒక ప్రతి డ్రైవరుకు, ఒకటి గార్డుకు ఇచ్చి, ఇద్దరి సంతకాలూ తీసుకున్న తర్వాతే బండి కదలాలి. మూడు కూతలు వినిపిస్తాయి, అవి షూటింగు కోసం, బ్రేకు వేయవద్దు. రెండు వాక్యాలు. రాసి పంపిస్తానన్నాను.

గార్డు పేరు మస్తాన్. సొంత ఊరు మాచర్ల. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. కోటయ్య చెప్పింది వేళాకోళం కాదు. నియమాల పుస్తకం ఆయనకు నోటికి వచ్చు, చొక్కా జేబులో ఒక ప్రతి కూడా ఉండేది. గూడ్సు గార్డుగా పన్నెండేళ్లు వ్యాగన్ల వెనకే ఎండలో తిరిగి, ఆ ఏడే ప్యాసింజరు గార్డు పరీక్ష పాసయ్యాడు. ఆర్డరు రావడమే తరువాయి. ప్యాసింజరు గార్డు వేసుకునే తెల్లకోటు ముందే కుట్టించి ఇంట్లో పెట్టుకున్నాడని, మాచర్ల స్టేషనులో ఆ కోటుతో దిగాలన్నదే ఆయన కోరికని లైనంతా తెలుసు. అందరం ఆయన్ను ఆ కోటు గురించి ఏడిపించేవాళ్లం. "కుట్టుకూలి ఇచ్చేసినాను, ఇప్పుడు రైల్వే నాకు ప్రమోషన్ బాకీ," అనేవాడు.

మెమో రాయడానికి నేను ఆఫీసులోకి వెళ్లాను. అక్కడ నిర్మాత మనిషి నా కోసం ఎదురు చూస్తున్నాడు. గూడ్సు కదిలేటప్పుడు పచ్చజెండా ఊపే స్టేషన్ మాస్టరుగా నన్నే తీస్తారట. ముఖానికి కాస్త పౌడరు రాసుకోమన్నాడు. నేను పౌడరు రాసుకున్నాను. జుట్టు దువ్వుకున్నాను. టోపీ పెడితే దువ్వింది కనిపించలేదు, తీసి మళ్లీ దువ్వాను. మెమో పుస్తకం బల్ల మీద, అద్దం పక్కనే ఉంది. మెమో తీసుకుపోవలసినవాడు, పట్టాల దారి మార్చే పాయింట్స్‌మన్, అప్పటికే ప్లాట్‌ఫారం మీద మెరుపు అట్ట పట్టుకుని నా ముఖం మీద ఎండ పడేలా సర్దుతున్నాడు. ఇంతలో ప్యాసింజరు వచ్చి మెయిన్ లైనులో ఆగింది. వెలుతురు పోతోంది, తొందరగా రండి అన్నారు. వెళ్లి ప్లాట్‌ఫారం కొసన, ప్యాసింజరు అడ్డు రాని చోట, సున్నంతో గీసిన గీత మీద నిలబడ్డాను.

ప్యాసింజరు ఇంజను పొడుగ్గా ఒక కూత కూసింది. సిగ్నలు పడి ఉంది, ముందు దారి ఖాళీ అని హామీ ఇచ్చే టోకెను కోటయ్య చేతిలో ఉంది. ఆయన ఇంజనులోంచి నా వైపు చూశాడు. ఆ చూపుకు అర్థం గార్డుకు చెప్పారా అని. కెమెరా పక్కనున్నవాడు చెయ్యి ఊపాడు. నేను పచ్చజెండా ఊపాను. జెండాను మించిన జవాబు ఏ డ్రైవరుకూ అక్కర్లేదు. బండి కదిలింది. ఇంజనూ, సగం వ్యాగన్లూ లూప్ లైను దాటి మెయిన్ లైనులో కలిసే పాయింటు మీదికి వెళ్లగానే కోటయ్య మూడు పొట్టి కూతలు కూశాడు. నిజంగానే నవ్వినట్టుంది.

బండి చివర, ప్లాట్‌ఫారానికి చాలా దూరంగా ఉన్న మనిషి అవి విని, పుస్తకంలో ఉన్నదే చేశాడు. ముందు ఇంజను లాగుతోంది, వెనక బ్రేకు పట్టింది. మధ్యలో వంపు మీద రాళ్ల వ్యాగన్ల నడుమ ఒక ఖాళీ వ్యాగను ఉంది. కొక్కెం తెగింది, ఖాళీ వ్యాగను చక్రాలు పట్టా దిగాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దారి మాత్రం సాయంత్రం దాకా మూసుకుపోయింది.

మస్తాన్ ఎర్రజెండా పట్టుకుని బండి పొడుగునా నడిచి వచ్చాడు. ఒగరుస్తూ, "ఏందయ్యా కోటయ్యా, బండి చెయ్యి దాటిందా? నీకేం కాలేదుగా?" అని అడిగాడు. కోటయ్య నా వైపు చూశాడు.

దీపాల గదిలో కోటయ్యా నేనూ పది నిమిషాలు ఉన్నాం. మూడు కూతలు కూసినట్టు ఒప్పుకుంటే మొదటి ప్రశ్న ఎందుకు కూశావని, రెండోది గార్డుకు ఇచ్చిన మెమో ఏదని. మొదటిదానికి కోటయ్య దగ్గర పుస్తకం ఒప్పుకునే కారణం లేదు, రెండోదానికి నా దగ్గర మెమోనే లేదు. "రెండు నెలలుంది మాస్టరు గారూ," అన్నాడాయన. నేను తర్కశాస్త్రం చదివినవాణ్ణి కాబట్టి ప్రతిపాదన నాదే. నేను ఒక పొడుగు కూతే విన్నానని చెప్పాను. తను కొట్టింది కూడా అదేనన్నాడు.

ఇలాంటి ప్రమాదాలకు ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు, అంటే ట్రాఫిక్, ఇంజన్లు, పట్టాల వాళ్లు, అక్కడికక్కడే విచారించి కలిసి ఒక నోటు రాస్తారు. డ్రైవరు ఒక పొడుగు కూత అన్నాడు. స్టేషన్ మాస్టరు ఒక పొడుగు కూత అన్నాడు. మెరుపు అట్ట పట్టుకున్న పాయింట్స్‌మన్ నా ముఖం వైపు చూసి, తను సరిగా వినలేదన్నాడు. మస్తాన్ ఒక్కడే మూడు పొట్టి కూతలన్నాడు. టీవీ వాళ్ల టేపు తెప్పించి వినమని కూడా అడిగాడు. వాళ్ల వ్యాను అప్పటికే గుంటూరు దారి పట్టింది. కథల టేపులు సాక్ష్యం కావని నోటులో రాశారు. కారణం లేకుండా బ్రేకు వేసినందుకు గార్డు బాధ్యుడని తేల్చారు. మస్తాన్ సంతకం చేసే చోట, నేను మూడు పొట్టి కూతలు విన్నాను అని గుండ్రటి అక్షరాలతో రాసి, ఆ కింద సంతకం పెట్టాడు. కాగితం నాకిస్తూ నా ముఖంలోకి చూశాడు. పౌడరు ఇంకా ఉన్నట్టుంది.

ప్రమోషన్ జాబితాలోంచి ఆయన పేరు తీసేశారు. కింది హోదాకు దింపి, సున్నపురాయి ఎత్తే సైడింగులో వ్యాగన్ల నంబర్లు రాసుకునే పనిలో వేశారు. కోటయ్య రెండు నెలల తర్వాత పూలదండతో రిటైరయ్యాడు. సభలో మచ్చలేని సర్వీసు గురించి మాట్లాడింది నేనే.

అయిదారు నెలలకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ ఎపిసోడ్ టీవీలో వచ్చింది. మా క్వార్టర్లలో ఉన్న ఒకే ఒక టీవీ పట్టాల ఇన్‌స్పెక్టరు గారిది. నోటు రాసిన ముగ్గురిలో ఆయనొకరు. చాపల మీద స్టేషను స్టేషనంతా కూర్చుంది. అక్క ఇంజను వెక్కిరించింది. తెర మీద నేను జెండా ఊపాను. ఆరేళ్ల మా అమ్మాయి రమణి "మా నాన్న" అని లేచి నిలబడింది. తమ్ముడు ఇంజను మూడుసార్లు నవ్వింది. టేపు సాక్ష్యం కాకపోవచ్చు గానీ, కూత మాత్రం స్పష్టంగా ఉంది. ఆ గదిలో ఉన్న మగవాళ్లందరికీ కూతల పట్టిక కంఠతా వచ్చు. ఇన్‌స్పెక్టరు గారు లేచి బయటికి వెళ్లి, యాంటెన్నా గొట్టం కొంచెం తిప్పి వచ్చారు. బొమ్మ అంతకుముందు బాగానే వస్తోంది. వచ్చాక ఎవరి వైపూ చూడకుండా, కథ బాగుందన్నారు. అందరం బాగుందన్నాం.

మస్తాన్ పెట్టుకున్న అప్పీలు అప్పటికి పై ఆఫీసులోనే ఉంది. నేను ఒక కాగితం రాస్తే సరిపోయేది. అప్పుడు కూడా మెమో పుస్తకం బల్ల మీదే ఉంది. ఆ అప్పీలును కొట్టేశారని తర్వాత తెలిసింది.

రమణికి ఆ ఎపిసోడ్ ప్రాణమైపోయింది. ఏడాది పాటు మా ఇంట్లో ఎవరు ఏ ప్రశ్న వేసినా అది మూడు పొట్టి కూతలతో జవాబు చెప్పేది. అన్నం తింటావా అంటే మూడు కూతలు. చదివావా అంటే మూడు కూతలు. వాళ్లమ్మ ముద్దు చేసేది. నేను డ్యూటీకి కొంచెం ముందుగా వెళ్లడం మొదలుపెట్టాను. నా క్రమశిక్షణకు మెచ్చి భద్రతా వారోత్సవాల్లో ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ తర్వాత మూడేళ్లు శిక్షణ కేంద్రంలో కొత్త గార్డులకు పాఠాలు చెప్పాను. కూతల పట్టిక నా పాఠమే. మూడు పొట్టి కూతలు వినగానే ఆలోచించకుండా బ్రేకు వేయాలని ప్రతి జట్టుకూ నొక్కి చెప్పేవాణ్ణి. మార్కులు కూడా దానికే ఎక్కువ వేసేవాణ్ణి.

రమణి ఇప్పుడు నరసరావుపేటలో టీచరు. మొన్న ఎండాకాలం ఫోను పట్టుకుని వచ్చింది. "నాన్నా, నా చిన్నప్పటి ఎపిసోడ్ దొరికింది. ఎవరో పాత టేపు ఎక్కించారు." పక్కన కూర్చుని చూపించింది. రంగులు వెలిసిపోయాయి, అక్క ఇంజను గొంతు గీరగా కాకుండా ముక్కు పట్టేసినట్టు ఉంది. నేను అనుకున్నంత అందగాణ్ణి కాను. మూడు కూతలు మాత్రం అలాగే ఉన్నాయి. చెవి మిషనులోంచి తలలోకి సూటిగా వచ్చాయి.

రమణి ఇదివరకు ఎన్నిసార్లు తలుచుకున్నా గమనించనిది ఇప్పుడు గమనించింది. "ఏంది నాన్నా, బండి నవ్వంగానే మళ్లీ నీ జెండా బొమ్మే వేశారు? ఆ తర్వాత బండి ఏమైంది?"

ముప్పై ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్న నన్ను మొదట అడిగింది అదే. పౌడరుతో సహా చెప్పాను. విన్నాక అది అడిగింది రెండే ముక్కలు. "ఆయన ఉన్నాడా?" ఉన్నాడన్నాను. "అయితే పోదాం పద."

మస్తాన్ ఇల్లు మాచర్లలో స్టేషనుకు నడిచిపోయేంత దూరంలో ఉంది. ఎనభై దాటింది. రాతి పొడిలో పనిచేసినందువల్ల కావచ్చు, నాలుగు మాటలకొకసారి ఆగి దగ్గుతాడు. వ్యాగన్ల నంబర్లు రాస్తూనే రిటైరయ్యాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "రండి మాస్టరు గారూ. కూర్చో అమ్మా." కుర్చీలు తుడిచాడు. టీ పెట్టమని భార్య హుస్సేన్‌బీ గారికి చెప్పాడు. పింఛను సరిగా వస్తోందా, నడక బాగుందా అని అడిగాడు. నేను తయారు చేసుకుపోయిన వాక్యం మాచర్ల బస్టాండు దాకా నాకు నోటికి వచ్చు. ఆ గదిలో రాలేదు. చివరికి రమణి ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు. మూడు కూతలు అయ్యాక, "చానా బాగుందమ్మా. చిన్నప్పుడు నీకు ఇష్టమా?" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు.

ఈ ఉదంతం నాకు నేర్పింది రెండు ముక్కల్లో చెప్పవచ్చు. మెమో రాయకపోవడం పొరపాటు. దానికి జరిమానా ఒక ఇంక్రిమెంటు, మహా అయితే రెండు. ఆ పొరపాటును దాచిపెట్టడానికి మాత్రం బండిలో ఆఖరి మనిషి కావాలి, సాధారణంగా అతను నియమం పాటించినవాడే అయి ఉంటాడు. ఇది శిక్షణ కేంద్రంలో చెప్పవలసిన పాఠం. చెప్పలేదు.

టీ గ్లాసులు పెట్టడానికి వచ్చిన హుస్సేన్‌బీ గారు ఫోను వైపు ఒకసారి చూశారు.

"ఇది మేం అప్పుడే చూసినామయ్యా, పక్కింటోళ్ల టీవీలో," అన్నారు. "అయిపోంగానే ఈయన చొక్కా తొడుక్కుని గుమ్మంలో కూచున్నాడు, మాస్టరు గారు ఇప్పుడొస్తాడు చూడమని. పొద్దుగూకిందాకా కూచున్నాడు. మీరు రాలా."